పొలుసు తీయని పండుగప్ప

వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో చేప కొంటే అక్కడే పొలుసు తీయించి, ముక్కలు కొట్టించి సంచిలో వేయించుకుని రావడం మా ఇంటి అలవాటు. ఆ ఆదివారం కిలోంపావు పండుగప్ప కొని, "కొట్టొద్దమ్మా, పొలుసు కూడా తీయొద్దు" అన్నాను. కత్తిపీట ముందు కూర్చున్నావిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఇంటికాడ ఎవలు తీత్తారు బాబూ? గట్టి పొలుసు. వంటింట్లో తీస్తే గోడలకంటుకుంటాది." బొమ్మ వెయ్యడానికి అని చెప్పాను. పక్కనున్న ఇద్దరూ నవ్వారు గానీ ఆవిడ నవ్వలేదు. "అయితే కన్ను మసకబారకముందే వేసీ. కన్ను పోతే చేప పోయినట్టే" అంది.

ఆ తర్వాత ఐదు వారాలు ఆ కన్నుతోనే అవస్థ పడ్డాను. అది ముందుకొస్తుంది.

నాది డాబాగార్డెన్స్ దగ్గర చిన్న ఫ్లెక్సీ, డీటీపీ షాపు. పుట్టినరోజు బ్యానర్లు, శ్రద్ధాంజలి బోర్డులు, పెళ్లికార్డులు. ఎన్నికలొస్తే నెల రోజులు నిద్ర ఉండదు. అంతకుముందు, పదహారేళ్ల వయసులో, ఒక మాస్టారి దగ్గర సైన్‌బోర్డులు రాయడం నేర్చుకున్నాను. ఆయన షాపుల పేర్లు రాసేవారు, సినిమా హాళ్లలో వేసే స్లైడ్లు గీసేవారు, పేపర్ ప్రకటనలకు బొమ్మలు వేసేవారు. ఫ్లెక్సీ వచ్చాక ఆయన పని పోయింది. పోగొట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆయన ఏనాడూ ఆ మాట అనలేదు. నేనే ఆయన వీధి గుండా వెళ్లడం మానుకున్నాను.

2022 ఆగస్టులో ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధం అని ముఖ్యమంత్రి ప్రకటించింది మా ఊళ్లోనే. తర్వాత తేదీలు అటూ ఇటూ జరిగాయి, గుడ్డ బ్యానర్లు అన్నారు, ఏదేమైనా నాకు మాత్రం ఆర్డర్లు పలచబడ్డాయి. మధ్యాహ్నాలు ఖాళీగా కూర్చునే రోజుల్లో ఒకనాడు మాస్టారే షాపుకొచ్చారు. చేతిలో పాత న్యూస్‌పేపర్లో చుట్టిన అట్టముక్క. "దీన్ని పెద్దగా తీసివ్వగలవేట్రా? మనవరాలు గోడకి పెట్టుకుంటాదంట" అన్నారు.

గొడుగుల షాపు ప్రకటన కోసం యాభై ఏళ్ల కిందట వేసిన బొమ్మ. నల్లటి నేల మీద తెల్లటి వాన. గొడుగు పట్టుకున్న మనిషి వీపు మాత్రమే కనబడుతుంది. అంతే. 1200 డీపీఐలో స్కాన్ చేసి స్క్రీన్ మీద పెంచుకుంటూ పోయాను. మామూలుగా పాత ప్రకటనలు పెంచితే చుక్కలు చుక్కలుగా విడిపోతాయి. ఇది విడిపోలేదు. ప్రతి వాన గీతా మొదట్లో సన్నగా మొదలై, మధ్యలో లావెక్కి, చివర సూదిమొనలా ముగిసింది. ఒక్క గీతా ఇంకోదానిలా లేదు. నేను రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌లో వాన ఎఫెక్ట్ ఒకటుంది, ఒక క్లిక్కుతో పడుతుంది. దానిలో ప్రతి పదో చినుకూ మొదటి చినుకే.

"ఇది స్క్రేపర్‌బోర్డురా. గీసింది కాదు, గీకింది" అన్నారు మాస్టారు.

సంగతి ఇదీ. అట్ట మీద చైనా క్లే అనే తెల్లటి మెత్తని మట్టి పూత ఉంటుంది. దాని మీద నల్ల ఇండియన్ ఇంకు పూత. మొనదేరిన పనిముట్టుతో ఇంకు పూతను గీకితే కింది తెలుపు బయటపడుతుంది. ఇప్పుడు దీన్ని స్క్రాచ్‌బోర్డు అంటున్నారు. పుట్టింది పంతొమ్మిదో శతాబ్దంలో, బ్రిటన్, ఫ్రాన్స్ దేశాల్లో. అంతకుముందు పత్రికల్లో బొమ్మ రావాలంటే గట్టి చెక్క మీద ఉలితో చెక్కాలి, అది రోజుల పని. ఈ అట్ట దానికి చవకైన, తొందరైన మార్గం. మన దగ్గర కూడా అక్షరాలు పేర్చి అచ్చువేసే రోజుల్లో దీనికి గిరాకీ ఉండటానికి అదే కారణం. ఫొటో అచ్చువెయ్యాలంటే దాన్ని చుక్కలుగా మార్చాలి. న్యూస్‌ప్రింటు ముతక కాగితం, ఫొటోని చుక్కలుగా విడగొట్టే స్క్రీన్‌ని అంగుళానికి 65 లైన్ల ముతకది వాడితేగాని చుక్కలు నిలవవు, అప్పటికీ ముఖాలు బురద పూసినట్టు వచ్చేవి. స్క్రేపర్‌బోర్డు బొమ్మలో బూడిద రంగే ఉండదు. ఉంటే నలుపు, లేకుంటే తెలుపు. అచ్చుకోసం చేసే జింకు పలక, అదే లైన్ బ్లాకు, మీద ఏసిడ్‌తో తినిపించినా గీత చెక్కు చెదరదు. ఇదంతా మాస్టారు స్టూల్ మీద కూర్చుని, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చెప్పారు. ఇరవై ఏళ్లలో మేమిద్దరం అంతసేపు మాట్లాడుకోలేదు.

నేర్పమని అడిగాను. "నాకు చెయ్యి వణుకుతాదిరా. నువ్వు గీకు, నాను తిడతాను" అన్నారు.

మొదట పిల్లల స్టేషనరీలో దొరికే రంగుల స్క్రాచ్ పేపర్ కొన్నాను. మనం బడిలో చేసిందే అది: క్రేయాన్ రుద్ది, మీద నల్ల పోస్టర్ కలర్ పూసి, కంపాస్ మొనతో గీకడం. సరదాకి బాగుంటుంది. సన్న గీతకు పనికిరాదు, మైనం పెచ్చులుగా లేస్తుంది. అసలు బోర్డు వైజాగ్‌లో నాకెక్కడా దొరకలేదు. ఆన్‌లైన్లో అమెరికా నుంచి వచ్చేవి ఉన్నాయి, ధర చూసి ముందు ఇంట్లోనే చేసుకుందామనుకున్నాను. ఫ్లెక్సీ షాపువాడికి అట్టముక్క చెయ్యడం ఓ లెక్కా అన్న ధీమా.

చెక్కపొట్టు అదిమి చేసే ఎండీఎఫ్ పలకది మూడు మిల్లీమీటర్ల మందం ముక్క తీసుకున్నాను. జిలటిన్ వేడినీళ్లలో కరిగించి, చైనా క్లే కలిపి, పాల మీగడంత చిక్కగా చేసి బ్రష్షుతో పూశాను. ఒకేసారి మందంగా పూస్తే పని తొందరగా అవుతుందని నా తెలివి. అది జూలై. గాలిలో తడి ఎంతంటే అప్పడాల డబ్బా మూత తీస్తే గంటలో మెత్తబడే రోజులు. రెండు రోజులకు మట్టి పైన ఎండింది, లోపల పచ్చిగానే ఉంది. మూడో రోజు ఏసీ వేశాను. సాయంత్రానికి వేసవి చెరువులా నెర్రెలు తీసింది. రెండో ముక్కకి పలచగా ఆరు పూతలు వేశాను. నెర్రెలు రాలేదు, బోర్డు మాత్రం అప్పడంలా వంగిపోయింది. ఒక పక్కే పూస్తే ఎండేటప్పుడు ఆ పూత లాగుతుందట, వెనకవైపు కూడా పూయాలట. ఈ "అట" మాస్టారు రెండు ముక్కలూ పాడయ్యాక చెప్పినది. ముందే చెప్పొచ్చు కదా అంటే, "ముందే చెప్తే వినీవోడివా?" అన్నారు.

మూడోది నిలిచింది. నాలుగు వందల నంబరు వాటర్ పేపరుతో, తర్వాత ఎనిమిది వందలతో రుద్ది, అరచేత్తో రాస్తే గుడ్డు పెంకులా నున్నగా తగిలేదాకా చేశాను. ముక్కుకి మాస్కు కట్టుకునే చేశాను. ఆ మట్టి ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇది తేలిగ్గా తీసుకోవద్దు. నిజం చెప్పాలంటే అసలు బొమ్మకి చివరికి కొన్న బోర్డే వాడాను, ఎనిమిది బై పది అంగుళాలది. ఇంట్లో చేసినవన్నీ చెయ్యి తిరగడానికి సరిపోయాయి.

పనిముట్టు కోసం కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఎదురుగా ఉన్న సర్జికల్ షాపుకి వెళ్లాను. మూడో నంబర్ హ్యాండిల్, పదకొండో నంబర్ బ్లేడ్లు ఇరవై. "ఏ కాలేజీ సార్?" అన్నాడు కుర్రాడు నా నెరిసిన మీసం చూస్తూనే. పెన్ను పట్టుకున్నట్టే పట్టుకోవాలి, కాకపోతే ఇంకా వాల్చి. నిలబెట్టి పట్టుకుంటే మొన మట్టిలోకి దిగి గాడి పడుతుంది. ఇంకు పూత మాత్రమే లేవాలి, మట్టి అలాగే ఉండాలి. చెప్పడానికి ఎంతసేపు! ఆ పూత మందం కంటికి తెలియదు. చెవికి తెలుస్తుంది. సరిగ్గా గీకితే ఎండిన వేపాకు మీద గోరు రాసినంత చప్పుడు. లోతుకి దిగితే సుద్దముక్క విరిగినట్టు కిర్రుమంటుంది. వారం తర్వాత ఆ కిర్రు వచ్చేలోపే చెయ్యి వెనక్కి వచ్చేయడం మొదలైంది.

మా ఊరి ఉక్కపోతకి ఈ పని శత్రువు. ఫ్యాన్ వేస్తే గీకిన పొడి బొమ్మ మీదంతా ఎగురుతుంది, ఆపేస్తే అరచేతి చెమట ఇంకు మీద మచ్చలు చేస్తుంది. చెయ్యి కింద మడతపెట్టిన నూలు రుమాలు వేసుకున్నాను. పొడిని నోటితో ఊదకూడదు, ఉమ్మితుంపర పడితే అక్కడ ఇంకు ఉబ్బుతుంది. మెత్తటి మేకప్ బ్రష్షుతో తుడవాలి. మా ఆవిడది తీసుకున్నాను, అడక్కుండా. "ఏవండీ, ఇది ఎంతో తెలుసా?" అంది. తెలిశాక వేరేది కొనిచ్చాను.

ఇక చేప. ఇంటికి తెచ్చి స్టీలు పళ్లెంలో పెట్టి, గదిలో లైట్లన్నీ ఆర్పి, పక్క నుంచి ఒక్క టేబుల్ లైటు వేసి ముప్పై ఫొటోలు తీశాను. అరగంటకే కంటి మీద పొర కమ్మడం మొదలైంది. చేపలావిడ చెప్పింది అక్షరాలా నిజం. ఆ మధ్యాహ్నం పులుసు తిన్నాం. పొలుసు మా అమ్మ తీసింది. గోడలకి అంటుకుంది కూడా.

బొమ్మను బోర్డు మీదకి దించడానికి కార్బన్ పేపర్ పనికిరాదు, నలుపు మీద నలుపు ఏం కనబడుతుంది? ట్రేసింగ్ పేపర్ వెనక సుద్దముక్క రుద్ది, ముందునుంచి పెన్సిల్‌తో దిద్దాను. అక్కడినుంచి అసలు తలకిందుల వ్యవహారం మొదలైంది. ముప్పై ఏళ్లుగా నా చెయ్యి నీడను గీస్తోంది. కాగితం వెలుగు, పెన్సిలు చీకటి. ఇక్కడ చీకటి ముందే ఉంది. నేను పెట్టే ప్రతి గీతా వెలుగే. మొదటి రోజు అలవాటు కొద్దీ చేప పొట్ట కింది నీడని గీకేసి, వెలుగు పడ్డ వీపుని నల్లగా వదిలేశాను. నెగెటివ్ ఫిల్మ్‌లా తయారైంది. మాస్టారు చూసి, "ఇది ఏ సముద్రంలో పట్టినావురా?" అన్నారు.

రెండోసారి ఆయన తిట్టింది వేరే సంగతికి. పొలుసులన్నిటినీ ఒకే ఉత్సాహంతో తెల్లగా చేసేశాను. "నలుపు నీ జేబులో డబ్బురా. ఖర్చెట్టీసాక మళ్లీ రాదు. పొదుపుగా వాడు." ఆ మాట తర్వాత పద్ధతి మార్చుకున్నాను. మొదటి విడతలో పలచగా, దూరం దూరంగా గీతలు. వాటి మీద నీళ్లు ఎక్కువ కలిపిన ఇంకు పూత, ఒక చుక్క ఇంకుకి ఎనిమిది చుక్కల నీళ్లు. తెల్ల గీతలు బూడిద రంగుకి దిగుతాయి. ఆరాక, వెలుగు ఇంకాస్త ఎక్కువున్న చోట మాత్రమే మళ్లీ గీకాలి. మళ్లీ పూత. ఇలా నాలుగుసార్లు. చివరి విడతలో తగిలే తెలుపే అసలు మెరుపు. అది బొమ్మ మొత్తంలో పిడికెడు కూడా ఉండదు.

పండుగప్ప పొలుసు దగ్గరగా చూడండి ఎప్పుడైనా. ఒక్కోటి బొటనవేలి గోరంత. పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి, తోకవైపు అంచు స్వేచ్ఛగా ఉంటుంది. వెలుగు ఆ అంచు మీద వంకీలా పడుతుంది, అంచు కిందే సన్నటి నీడ, మళ్లీ తర్వాతి పొలుసు. వీపు మీదివి చీకట్లో కలిసిపోతాయి, పొట్ట మీదివి ఒకదాన్నొకటి మింగేసే మెరుపు. చేప పక్కన తలనుంచి తోకదాకా పోయే గీత వెంట లెక్కపెడితే యాభై దాటాయి. ఒక్కో పొలుసుకి పాతిక నుంచి నలభై గీతలు. ఇరవయ్యో పొలుసు దగ్గర లెక్క మానేశాను. రాత్రి షాపు మూసి వచ్చాక గంటన్నర కూర్చుంటే ఒక వరస అయ్యేది. మూడో వారం నుంచి ఫోన్ పక్క గదిలో ఉండేది, ఎందుకో తర్వాతి పేరాలో తెలుస్తుంది.

ఎందుకంటే కన్ను. గుండ్రటి పాప పూర్తి నలుపు, చుట్టూ సన్నని వలయం, పాప మీద పైన ఒక్క తెల్ల చుక్క. మూడో వారంలో వలయం గీకుతుండగా జేబులో ఫోన్ మోగింది. ఉలిక్కిపడ్డాను. పాప మీంచి అడ్డంగా, చెంప దాకా, ఒక తెల్లటి గీత. కుడిచెయ్యి బ్లేడు పట్టుకునే ఉంది, ఎడమచెయ్యి బల్ల మీద రెండు వేళ్లతో కంట్రోల్, జెడ్ ఉండే చోట నొక్కింది, కంప్యూటర్లో చేసిన తప్పు వెనక్కి తీసుకునే మీటలవి. ఒట్టు. అక్కడ కీబోర్డు లేదు, రుమాలుంది. ఫోన్‌లో కస్టమర్: "అన్నా, బ్యానర్లో బావమరిది ఫొటో కొంచెం పెద్దది చెయ్యాలి."

గీకిన చోట సున్నా నంబరు బ్రష్షుతో మళ్లీ ఇంకు పెట్టొచ్చు. పెట్టాను, రాత్రంతా ఆరబెట్టాను. నలుపు కలిసింది. గాడి కలవలేదు. ఇప్పటికీ బొమ్మని కిటికీ వైపు వాల్చి చూస్తే కంటికి అడ్డంగా జుట్టు పడినట్టు సన్నటి గీత కనబడుతుంది. ఒకే చోట ఇంకు పెట్టి గీకడం రెండు మూడుసార్లకు మించితే మట్టి గరుకెక్కి ఇక శుభ్రమైన గీత రాదు. అందుకే అది అలాగే వదిలేశాను.

ఈ మధ్యలోనే మా అమ్మాయి ఫోన్లో ఏదో వెతుకుతూ, "నాన్నా, మన వైజాగ్ వాళ్లు ఇది ఎప్పుడో చేశారట" అని చూపించింది. పద్దెనిమిదో శతాబ్దంలో ఇక్కడి పనివాళ్లు చేసిన దంతపు పెట్టెలు, కుర్చీలు, అద్దాల బీరువాలు. ఈస్టిండియా కంపెనీ దొరల కోసం చేసినవి. చెక్క మీద పలుచటి ఏనుగు దంతపు రేకులు అతికి, దంతం మీద సన్నని గీతలు గీకి, ఆ గీతల్లోకి నల్లటి లక్క నింపేవారు. లతలు, పూలు, ఇంగ్లీషు భవనాలు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అవి ఇవాళ్టికీ విశాఖపట్నం పేరుతోనే ఉన్నాయి. ఇప్పుడు ఏనుగు దంతం ముట్టుకుంటే జైలే, అలాగే ఉండాలి కూడా. కానీ ఆ గీత! ఫొటో పెంచి చూస్తే ఆకు ఈనె ఒకటి మొదట సన్నగా, మధ్యలో లావుగా, చివర మొనగా. మాస్టారి వానలాగే. ముప్పై ఏళ్లు ఈ ఊళ్లో బొమ్మల మీద బతికి, ఆ పెట్టెల సంగతి నాకు తెలియకపోవడం సిగ్గనిపించింది.

మాస్టారికి చూపిస్తే ఆశ్చర్యపోలేదు. "దంతం దాకా ఎందుకురా? మా తాత జాతకం తాటాకు మీదుండీది. గంటంతో గీకీవోరు, అక్షరం కనబడీది కాదు. మీద మసి, నూనె రాసి తుడిస్తే గీతలో మసి ఉండిపోయీది, అక్షరం లేచీది. వాళ్లు గీకి మసి పూసినారు. నువ్వు మసి పూసి గీకుతున్నావు. అంతేగదా." ఇండియన్ ఇంకులో ఉండేదీ దీపపు మసే, అది నిజం.

పూర్తయ్యాక పైన వార్నిష్ స్ప్రే కొట్టాలి, లేకపోతే వేలిముద్ర పడినా పోదు. వానాకాలం సాయంత్రం మేడ మీద కొట్టాను. తడి గాలికి బొమ్మంతా పాలపొర కమ్మినట్టు తెల్లబారింది. నా గుండె జారిపోయింది. హెయిర్ డ్రయ్యర్ దూరంగా పట్టి మెల్లగా వేడి చేస్తే, మర్నాటి ఎండకి మరో పలుచటి పూత వేస్తే, చాలావరకు పోయింది. ఎండ కాసే మధ్యాహ్నం తప్ప ఈ స్ప్రే జోలికి వెళ్లకండి.

బొమ్మని మాస్టారికి తీసుకెళ్లి చూపించాను. ఇన్నేళ్ల తర్వాత ఆ వీధిలోకి. ఆయన వరండాలో వెలుగుకి పెట్టి, పోస్టల్ స్టాంపులు చూసే భూతద్దం తెచ్చుకుని, తలనుంచి మొదలుపెట్టారు. చాలాసేపు ఏమీ అనలేదు. కన్ను దగ్గర ఆగి, "ఫోనా?" అన్నారు. నేను చెప్పనేలేదు ఆయనకి. తర్వాత వేలు తోక దగ్గరికి పోయింది. అక్కడ మూడు వరసలు.

"ఇక్కడ నీకు నిద్రొచ్చిందిరా."

నిజమే. ఆ మంగళవారం కరెంటు పోయింది. ఛార్జింగ్ లైటు కింద, పన్నెండు దాటాక, ఎలాగైనా ఆ వరస ముగించాలని కూర్చున్నాను. గీతలు ఒకదానిలా ఒకటి, వాన ఎఫెక్ట్‌లాగే, ఒకే పొడవు, ఒకే లావు. నాకు కనబడలేదు అప్పుడు. ఇప్పుడు ఆయన వేలు పెట్టాక ఇంకేమీ కనబడటం లేదు.

చేపకి ఫ్రేము కట్టించి షాపులో ప్రింటర్ పైన తగిలించాను. కొన్నవాటిలో రెండో బోర్డు మిగిలి ఉందికదా, డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ మొదలుపెడదామని సంచిలో పెట్టుకుని వెళ్లాను ఆ రోజు. మాస్టారు దాన్ని తీసి, గోటితో మూల కొద్దిగా గీకి, చెవి దగ్గర పెట్టుకున్నట్టు వంగి విన్నారు. "మంచి బోర్డే" అన్నారు. ఒక బ్లేడు కూడా ఇమ్మన్నారు. చెయ్యి వణుకుతుందన్నారు కదా అని అడిగితే, "వాన గీకడానికి వణికినా పర్లేదు" అన్నారు.

మూడు వారాలైంది. బోర్డు ఇంకా తిరిగివ్వలేదు.